మార్కులు వేసేదెవరు?



1967 ఫిబ్రవరి. న్యూయార్క్‌లో టౌన్ హాల్ అనే సభామందిరం. సంగీత కచేరీలకు, ఉపన్యాసాలకు పేరుపడ్డ వేదిక అది. ఆ రాత్రి మాత్రం అక్కడ అందాల పోటీ జరుగుతోంది. పోటీలో ఉన్నవాళ్లంతా మగపిల్లలుగా పుట్టి, ఆడవేషంలో వేదికెక్కినవాళ్లు. ఎవరి ఊళ్లో వాళ్లు గెలిచి ఇక్కడిదాకా వచ్చారు. న్యాయనిర్ణేతల వరుసలో ఆండీ వార్‌హోల్ లాంటి పెద్ద పేర్లున్నాయి. సినిమా కెమెరాలు తిరుగుతున్నాయి. చివరికి ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన హార్లో అనే తెల్లజాతి పోటీదారుకి కిరీటం పెట్టారు.

మిస్ మన్‌హట్టన్ బిరుదుతో వచ్చిన క్రిస్టల్ లబేజా నల్లజాతి మనిషి. ఫలితం ప్రకటించగానే ఆమె నవ్వు పులుముకుని చప్పట్లు కొట్టలేదు. వరుసలోంచి బయటికొచ్చి, గౌను కుచ్చిళ్లు ఈడ్చుకుంటూ వేదిక దిగి వెళ్లిపోయింది. కెమెరా ఆమె వెనకాలే పరిగెత్తింది. వేషాలు మార్చుకునే గదిలో ఆమె అన్నదంతా ఆ సినిమాలో ఉంది. పోటీ ముందే కుదుర్చుకున్నదని అంటుంది. హార్లో మీద నాకేం కోపం లేదు, తప్పు నడిపించినవాళ్లదని అంటుంది. నేను అందగత్తెని, ఆ సంగతి నాకు తెలుసు అంటుంది. మరో మాట కూడా అంటుంది, దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం: నా పేరు మీద వీళ్లని డబ్బు చేసుకోనివ్వను, కోర్టుకెక్కుతాను అని. ఫ్రాంక్ సైమన్ తీసిన ఆ సినిమా పేరు ద క్వీన్. 1968లో విడుదలైంది.

కడుపుమంట అందరికీ ఉంటుంది. క్రిస్టల్ కడుపుమంట ఒక వ్యవస్థగా ఎదిగింది. న్యూయార్క్ నల్లజాతి, లాటినో క్వియర్ జనం, అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ మహిళలు, ట్రాన్స్ పురుషులు, ఆడా మగా అనే లెక్కలో ఇమడనివాళ్లు, వీళ్లంతా కలిసి నిలబెట్టిన ఆ వ్యవస్థని బాల్‌రూమ్ అంటారు. ఇవాళ నేను మాట్లాడబోయేది దాని గురించి. అమెరికా దాటి పారిస్, బెర్లిన్, టోక్యో నగరాల దాకా వెళ్లిన కళ అది. నాకు మాత్రం దాని అడుగున ఉన్న ఒకే ఒక్క ప్రశ్న మీద గురి. మార్కులు వేసేదెవరు?

ఆ ప్రశ్న క్రిస్టల్‌తో పుట్టలేదు. ఎనభై ఏళ్లు వెనక్కి వెళదాం. మేరీలాండ్ రాష్ట్రంలో హాన్‌కాక్ అనే ఊళ్లో విలియం డోర్సీ స్వాన్ బానిసగా పుట్టాడు. అంతర్యుద్ధం అయిపోయి, బానిసత్వం రద్దయ్యాక వాషింగ్టన్ చేరాడు. 1880లలో అక్కడ గుట్టుగా డాన్సు విందులు పెట్టడం మొదలుపెట్టాడు. వచ్చేవాళ్లు ఎక్కువమంది నల్లజాతి మగవాళ్లు; పగలంతా ఎవరింట్లోనో వంటో, బట్లరు పనో చేసుకుని రాత్రికి పట్టుగౌన్లు కట్టుకుని వచ్చేవాళ్లు. స్వాన్ తనని తాను రాణి అని చెప్పుకునేవాడు. ఆ విందుల్లో కేక్‌వాక్ అనే నాట్యం సాగేది. తోటల్లో దొరలూ దొరసానులూ నడిచే ఠీవిని వెక్కిరిస్తూ బానిసలు పుట్టించిన నాట్యమది. బాగా నడిచిన జంటకి కేకు బహుమతి.

1888 ఏప్రిల్‌లో పోలీసులు ఆ విందు మీద పడ్డారు. కొందరు కిటికీల్లోంచి దూకి పారిపోయారు. స్వాన్ మాత్రం గది గుమ్మానికి అడ్డంపడి పోలీసులతో కలబడ్డాడు. ఆ పెనుగులాటలో ఒంటిమీది గౌను పీలికలైంది. మళ్లీ 1896లో వ్యభిచార గృహం నడుపుతున్నాడన్న అభియోగం మోపి పది నెలల జైలు వేశారు. ఆయన ఊరుకోలేదు. క్షమాభిక్ష కోరుతూ దేశాధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లండ్‌కే అర్జీ పెట్టాడు. అది తిరస్కరించారు, అది వేరే సంగతి. క్వియర్ జనం తరఫున ప్రభుత్వం ముందుకి వెళ్లిన అర్జీల్లో మొట్టమొదటి వాటిలో ఒకటిగా ఇవాళ దాన్ని లెక్కిస్తున్నారు. ఇదంతా తవ్వి తీసిన పాత్రికేయుడు చానింగ్ జెరార్డ్ జోసెఫ్. ఆయనకి దొరికిన ఆధారాల్లో పెద్ద భాగం ఆనాటి పత్రికల్లో వెక్కిరింపుగా రాసిన పోలీసు వార్తలే. నవ్వుకోడానికి అచ్చేసినవాళ్లు తెలియకుండానే చరిత్ర భద్రపరిచారు.

న్యూయార్క్ హార్లెమ్‌లో పద్ధతి వేరు. అక్కడ హామిల్టన్ లాడ్జ్ అనే నల్లజాతివాళ్ల సంఘం 1869 నుంచి ఏటా మారువేషాల విందు జరిపేది. 1920లు వచ్చేసరికి అది ఆడవేషాల బాల్‌గా ఊరంతటికీ తెలిసిపోయింది. వేలకొద్దీ జనం వచ్చేవాళ్లు. వేషం కట్టేవాళ్లు కొందరు, బాల్కనీలోంచి చూసేవాళ్లు మిగతావాళ్లు. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ కూడా వెళ్లి చూసి తన ఆత్మకథలో రాశాడు. మారువేషాలు నిషేధిస్తూ న్యూయార్క్‌లో 1845 నాటి చట్టం ఒకటుండేది. కౌలు కట్టబోమని తిరగబడ్డ రైతులు మారువేషాల్లో వచ్చి అధికారుల మీద పడుతుంటే, వాళ్లని అణచడానికి తెచ్చిన చట్టమది. రైతులు పోయారు, చట్టం మిగిలింది. తర్వాత తరాల పోలీసులు దాన్ని ఆడవేషం కట్టిన మగవాళ్ల మీద ప్రయోగించారు. విందుకి ముందుగా అనుమతి తెచ్చుకుంటే మాత్రం వేషం నేరం కాదు. అందుకే ఏడాదికో రాత్రి సందడంతా ఆ హాల్లోనే.

అదే హార్లెమ్‌లో, 133వ వీధిలోని ఒక క్లబ్బులో గ్లాడిస్ బెంట్లీ అనే గాయని తెల్ల సూటు, తలమీద పొడుగు టోపీ పెట్టుకుని పియానో వాయిస్తూ, జనానికి తెలిసిన పాటలకే కొంటె మాటలు కట్టి పాడేది. సినీతారలు, షావుకార్లు వచ్చి వినేవాళ్లు. తర్వాత కాలిఫోర్నియా వెళితే, ప్యాంటు తొడుక్కుని పాడటానికి క్లబ్బు యజమాని ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. 1952 నాటికి, అనుమానం ఉన్న ప్రతివాణ్ణీ దేశద్రోహిగా చూసే రోజుల్లో, తాను మళ్లీ ఆడదాన్నయ్యానంటూ ఎబొనీ పత్రికలో ఆమె పేరుతో వ్యాసం వచ్చింది. ఆ వ్యాసాన్ని ఆమె ఇష్టంతో రాసిందని నేను నమ్మలేను.

సరే, హార్లెమ్ బాల్‌ల దగ్గరికి వద్దాం. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి నడిచిన చోట కూడా కిరీటం ఎక్కువగా తెల్లవాళ్ల వైపే వాలేది. నల్లజాతి పోటీదారు గెలవాలంటే ముఖానికి తెల్లపొడి దట్టంగా రాసుకోవాలన్నది చెప్పకుండా చెప్పే నియమం. 1960లలో నల్లజాతి క్వీన్‌లు, అంటే ఆడవేషంలో పోటీకి దిగేవాళ్లు, విసిగిపోయి హార్లెమ్‌లో తమ బాల్‌లు తాము పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ సమయంలోనే లాటీ అనే మరో క్వీన్ క్రిస్టల్ దగ్గరికి ఒక ఆలోచనతో వెళ్లింది. ఇద్దరం కలిసి బాల్ పెడదాం, దానికి ఒక ఇంటిపేరు పెడదాం, నువ్వు ఆ ఇంటికి అమ్మవి అని. 1970ల మొదట్లో హౌస్ ఆఫ్ లబేజా అలా పుట్టింది. క్రిస్టల్ మదర్ అయింది.

ఆ తర్వాత హౌస్‌లు వరసగా వచ్చాయి. డోరియన్ కోరీ పేరుతో ఒకటి, పారిస్ డుప్రీ పేరుతో ఒకటి, ఏవిస్ పెండావిస్ పేరుతో ఒకటి. 1982లో లాటినోల కోసం హౌస్ ఆఫ్ ఎక్స్‌ట్రావగాంజా వచ్చింది. ఆ హౌస్‌కి చాలాకాలం మదర్‌గా ఉన్న ఆంజీ ఆ బాధ్యత ఎత్తుకున్నప్పుడు తనే ఇంకా చిన్నపిల్ల. ఫ్రెంచి ఫ్యాషన్ కంపెనీలని హౌస్ అంటారు కదా, ఆ దర్పం ఆ పేర్లలో ఉంది. కానీ ఇక్కడ హౌస్ అంటే ముఖ్యంగా కుటుంబం. ఇంట్లోంచి గెంటేసిన పదహారేళ్ల పిల్లవాడు హడ్సన్ నది ఒడ్డున రేవు బల్లల మీద పడుకుంటాడు. ఒక మదర్ వాణ్ణి చూస్తుంది. తిన్నావా అని అడుగుతుంది. తన గదిలో మూలన చోటిస్తుంది, హార్మోన్ల గురించి, జబ్బుల గురించి, పోలీసుల గురించి చెబుతుంది, బాల్‌కి తీసుకెళుతుంది. ఆ రోజునుంచి వాడికి ఆ హౌస్ ఇంటిపేరు. మన దగ్గర హిజ్రాల్లో గురువు, చేలా బంధం ఎరిగినవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు బాల్ ఎలా నడుస్తుందో చెబుతాను. అద్దెకి తీసుకున్న హాలు. ఆ రోజుల్లో మొదలయ్యేది రాత్రి మూడింటికో, నాలుగింటికో. ఆ వేళకి హాలు అద్దె తక్కువ. ఆడవేషంలో ఉన్న మనిషి నిర్మానుష్యంగా ఉన్న వీధుల్లో కాస్త నిర్భయంగా నడిచి రావడానికి వీలుండేది. రాత్రి పనులకి వెళ్లినవాళ్లూ పని ముగించుకుని వచ్చేవాళ్లు. మధ్యలో పొడుగ్గా ఖాళీ వదిలి రెండువైపులా జనం నిలబడతారు. ఆ ఖాళీయే రన్‌వే. చివర బల్ల, బల్ల వెనక న్యాయనిర్ణేతలు. వాళ్లు ఎవరో కాదు, ఏళ్ల తరబడి ఇదే రన్‌వే మీద నడిచి, గెలిచి, లెజెండరీ అనిపించుకున్నవాళ్లు. పోటీలని కేటగిరీలంటారు. ముఖం చూసి మార్కులిచ్చేది ఒకటి, నడక చూసి ఇచ్చేది ఒకటి, దుస్తులు చూసి ఇచ్చేది ఒకటి, నాట్యం చూసి ఇచ్చేది ఒకటి. పోటీదారు బల్ల దగ్గరికి రాగానే ఒక్కొక్కరు పది అని రాసిన అట్ట ఎత్తాలి. అందరూ పది ఎత్తితే ముందుకి. ఒక్కరు ఎత్తకపోయినా చాప్. అంటే ఇంటికి. బతిమిలాటల్లేవు. మిగిలినవాళ్లు జంటలు జంటలుగా తలపడి చివరికి ఒక్కరు నిలబడతారు. మనిషెత్తు ట్రోఫీ ఇస్తారు. ఆ ట్రోఫీని తెల్లవారాక మెట్రో రైల్లో మోసుకుపోవడం కూడా ఒక ప్రదర్శనే అనుకోండి.

దుస్తుల సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. డోరియన్ కోరీ కుట్టు తెలిసిన మనిషి. ఆమె ఈకలతో కుట్టిన ఒక అంగవస్త్రం గురించి పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు. రన్‌వే కొసకి వచ్చాక సహాయకులు దాన్ని కర్రల మీద పైకెత్తితే, సూర్యకిరణాల్లా విచ్చుకుని సగం జనం దాని నీడలోకి వచ్చారట. ఒక్క రాత్రి కోసం నెలల తరబడి కూర్చుని పూసా పూసా గుచ్చినవాళ్లు వీళ్లు. గౌను కొనే స్తోమత ఎవరికీ లేదు. కొందరు కుట్టారు, కొందరు అరువు తెచ్చారు, కొందరు దుకాణాల్లోంచి చెప్పకుండా తెచ్చారు. ఆ సంగతి వాళ్లే నవ్వుతూ చెబుతారు. నేను దాచి వాళ్లని సాధువుల్ని చెయ్యదలచుకోలేదు.

కేటగిరీల్లో నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది రియల్‌నెస్. ట్రాన్స్ మహిళ ఆఫీసుకి వెళ్లే ఉద్యోగినిలా నడుస్తుంది. నాజూకు కుర్రవాడు సైనికుడిలాగో, చేతిలో బ్రీఫ్‌కేసు పట్టుకున్న పెద్ద కంపెనీ అధికారిలాగో నడుస్తాడు. ఎవరూ పట్టుకోలేనంత సహజంగా ఉంటే పది. మన నాటకరంగంలో స్థానం నరసింహారావుగారు ఉండేవారు. ఆయన సత్యభామ వేస్తే ఆడవాళ్లే ఆ నడక చూసి నేర్చుకునేవాళ్లని చెప్పుకునేవాళ్లం. కానీ తెర దిగాక ఆయన పంచె కట్టుకుని ఊళ్లో పెద్దమనిషిగా తిరిగారు. రియల్‌నెస్ నడిచినవాళ్లకి తెర దిగే వీల్లేదు. ఆ నడకతోనే వీధిలోకి వెళ్లాలి, రైలెక్కాలి, ఇల్లు చేరాలి. బాల్‌లో పది మార్కులు వచ్చిన వేషం వీధిలో ప్రాణం కాపాడుతుంది. దొరకని ఉద్యోగం దొరికినట్టు నడవడంలో ఆశ ఉంది, వెటకారం ఉంది, రక్షణ విద్య కూడా ఉంది. ఏది ఎంత పాళ్లలో ఉందో వేరుచేసి చెప్పడం నావల్ల కాదు.

రేడియోలో నాట్యం చూపించలేను, శబ్దం మాత్రం కొంత చెప్పగలను. 1991లో మాస్టర్స్ ఎట్ వర్క్ అనే జంట ద హా డాన్స్ అనే సంగీతం చేసింది. అందులో మూడు దెబ్బలు గడిచి నాలుగో దెబ్బ మీద ఫెళ్లున ఒక చప్పుడు పడుతుంది. బాల్‌రూమ్ ఆ చప్పుణ్ణి సొంతం చేసుకుంది. పైన మైకు పట్టుకుని వ్యాఖ్యాత మాట కట్టి ఊదరగొడుతుంటాడు. నర్తకి చేతులు గాలిలో గీతలు గీస్తుంటాయి, మడమల మీద కూర్చుని బాతునడకలో ముందుకి వస్తుంది, లేచి గిర్రున తిరుగుతుంది, సరిగ్గా ఆ నాలుగో దెబ్బకి ఒక కాలు మడిచి వెల్లకిలా నేలకి వాలిపోతుంది. దాన్ని డిప్ అంటారు. చప్పుడూ వీపు నేలకి తగలడమూ ఒకేసారి జరిగితే హాలు ఊగిపోతుంది. అరక్షణం ఆలస్యమైతే చూసే పిల్లలు కూడా పట్టేస్తారు.

ఈ నాట్యం పేరు వోగ్. వోగ్ అనే ఫ్యాషన్ పత్రిక నుంచి వచ్చింది. ఎలా వచ్చిందో రెండు రకాలుగా చెబుతారు. పారిస్ డుప్రీ ఒక క్లబ్బులో సంచీలోంచి ఆ పత్రిక తీసి, పేజీ తిప్పుతూ, తాళానికి తగ్గట్టు అందులోని మోడల్ భంగిమలో ఆగుతూ, మళ్లీ పేజీ తిప్పుతూ ఆడిందని ఒక కథ. రైకర్స్ ద్వీపం జైల్లో నల్లజాతి స్వలింగ ప్రేమికులైన ఖైదీలు పొద్దుపోక పుట్టించారని ఇంకో కథ. రెండూ నిజమైనా నాకు ఆశ్చర్యం లేదు. ఒక హౌస్‌వాళ్లు ఇంకో హౌస్‌వాళ్లని మాటలతో దెప్పడాన్ని రీడింగ్ అంటారు, మాట కూడా అక్కర్లేకుండా ఒక్క చూపుతో తీసిపారేయడాన్ని షేడ్ అంటారు. వోగ్ అంటే ఒళ్లంతా షేడ్. కత్తులు తియ్యాల్సిన కక్షలు రన్‌వే మీద చేతివేళ్లతో తీరేవి.

దాన్ని లోకం మీదికి తీసుకెళ్లినవాడు విల్లీ నింజా. 1961లో పుట్టాడు, న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతంలో పెరిగాడు. ఏ నాట్యపాఠశాలలోనూ నేర్చుకోలేదు. ఫ్రెడ్ ఆస్టైర్ సినిమాలు, కుంగ్‌ఫూ సినిమాలు, జిమ్నాస్టిక్స్, ఈజిప్టు గోడల మీది బొమ్మలు, అన్నీ చూసి ఒంటబట్టించుకున్నాడు. ఆ చేతులు చూస్తే ఎముకలున్నాయా అనిపిస్తుంది. 1982లో హౌస్ ఆఫ్ నింజా పెట్టాడు. తర్వాత నయోమీ కాంప్‌బెల్ లాంటి మోడళ్లకే నడక నేర్పాడు. ఒకవైపు చక్రాల కుర్చీలో ఉన్న కన్నతల్లిని చూసుకుంటూ, ఇంకోవైపు హౌస్ పిల్లలకి తానే మదర్‌గా బతికాడు. 2006లో, 45 ఏళ్లకి, ఎయిడ్స్ సంబంధిత గుండెజబ్బుతో పోయాడు.

ఎయిడ్స్. ఆ మాట వచ్చాక పండగ గురించి మాట్లాడటం కష్టం. 1980ల నుంచి 90ల నడిమిదాకా బాల్‌రూమ్ ఒక తరాన్ని పోగొట్టుకుంది. ఆంజీ 1993లో పోయింది, ఇంకా ముప్ఫై కూడా నిండలేదు. డోరియన్ కోరీ అదే ఏడాది పోయింది. చాలామంది శవాలని కన్నవాళ్లు తీసుకెళ్లలేదు. తీసుకెళ్లినవాళ్లలో కొందరు, గౌనులో బతికిన మనిషికి సూటు తొడిగి పాతిపెట్టారు. జబ్బుపడ్డవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లడం, మంచం పక్కన కూర్చోవడం, అంత్యక్రియలకి చందాలెత్తడం, అన్నీ హౌస్ నెత్తినే పడ్డాయి. అదే వారం మళ్లీ బాల్ ఉండేది. ఇంత చావు మధ్య పండగేమిటని బయటివాళ్లు అడగొచ్చు. చచ్చిపోయిన వాడి పేరు మైకులో గట్టిగా పిలవగలిగిన ఒకే ఒక్క చోటు ఆ పండగ అయినప్పుడు ఇంకేం చేస్తారు?

న్యూయార్క్‌లో ఎయిడ్స్ రోగులకి సేవచేసే సంస్థ ఒకటుంది, గే మెన్స్ హెల్త్ క్రైసిస్. వాళ్లు ఒక తెలివైన పని చేశారు. బాల్‌రూమ్ పిల్లలు ఆసుపత్రి గుమ్మం తొక్కరని గ్రహించి, వాళ్లే 1989లో హౌస్ ఆఫ్ లేటెక్స్ అనే హౌస్ పెట్టి బాల్‌లలోకి వెళ్లారు. కండోమ్‌లు పంచారు, పరీక్షలకి రమ్మన్నారు, తర్వాత లేటెక్స్ బాల్ పేరుతో సొంతంగా ఏటా బాల్ జరపడం మొదలుపెట్టారు. ఆరోగ్య కార్యకర్తలు వేదికెక్కి ఉపన్యాసం ఇవ్వడం మానేసి కేటగిరీలో నడిచారన్నమాట. ప్రజారోగ్యం చదివే పిల్లలకి ఇది పాఠంగా పెట్టాలి.

ఈ తరానికే చెందిన మరో మనిషిని తలుచుకోకుండా ముందుకి పోలేను. మార్లన్ రిగ్స్. 1957లో టెక్సస్‌లో పుట్టాడు, బర్క్‌లీలో పాత్రికేయ విద్య బోధించాడు. 1989లో టంగ్స్ అన్‌టైడ్ అనే చిత్రం తీశాడు. నల్లజాతి స్వలింగ ప్రేమికులు తమ గురించి తామే, కవిత్వంతో, చిటికెలతో, వోగ్‌తో, కోపంతో మాట్లాడిన చిత్రమది. ఎసెక్స్ హెంప్‌హిల్ అనే కవి గొంతు అందులో వినిపిస్తుంది. 1991లో ప్రజా టెలివిజన్ దాన్ని ప్రసారం చెయ్యబోతే చాలా స్టేషన్లు మేం వెయ్యమన్నాయి. ప్రసారరంగంలో మాట్లాడుతున్నవాణ్ణి కనక ఆ సంగతి నాకు కొంచెం గుచ్చుకుంటుంది. మరుసటేడు అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో పోటీలో ఉన్న పాట్ బుకానన్ ఆ చిత్రంలోని ముక్కలు కత్తిరించి, ప్రభుత్వ సొమ్ముతో ఇలాంటివి తీస్తున్నారని ప్రకటన వేశాడు. అప్పటికే జబ్బుతో ఉన్న రిగ్స్ వెనక్కి తగ్గలేదు. చివరి చిత్రం ఆసుపత్రి మంచం మీదనుంచి కూడా తీశాడు. అందులో వాళ్ల అమ్మమ్మ వండే గంబో అనే పులుసు పదేపదే కనిపిస్తుంది; రొయ్యలు, సాసేజి, బెండకాయ, ఏం పడితే అది వేసినా ఒకే కుండ. నల్లజాతి అంటే ఎవరెవరు అన్న ప్రశ్నకి ఆయన జవాబు అది. 1994లో, చిత్రం పూర్తికాకముందే కన్నుమూశాడు. స్నేహితులు దాన్ని పూర్తిచేశారు.

ఇప్పుడు క్రిస్టల్ మాట దగ్గరికి వద్దాం. నా పేరు మీద డబ్బు చేసుకోనివ్వను అన్న మాట.

జెన్నీ లివింగ్‌స్టన్ అనే తెల్లజాతి దర్శకురాలు 1980ల నడిమి నుంచి హార్లెమ్ బాల్‌లని చిత్రీకరించింది. ఆ డాక్యుమెంటరీ పేరు పారిస్ ఈజ్ బర్నింగ్. పారిస్ డుప్రీ ఏటా జరిపే బాల్ పేరే అది. 1991లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గెలిచింది. థియేటర్లలో నలభై లక్షల డాలర్ల దాకా వసూలు చేసిందంటారు. ఒక డాక్యుమెంటరీకి అది చాలా పెద్ద మొత్తం. అందులో కనిపించినవాళ్లు మాకేదీ అన్నారు. కొందరు లాయర్ల దగ్గరికి వెళ్లారు. సంతకాలు పెట్టిన కాగితాలు చూపించేసరికి దావాలు నిలబడలేదు. చివరికి పదమూడు మందికి కలిపి సుమారు 55,000 డాలర్లు పంచారు. బెల్ హుక్స్ అనే నల్లజాతి రచయిత్రి ఆ సినిమాని గట్టిగా విమర్శించింది: తెర మీద తన ఉనికి కనపడనివ్వకుండా, చూసే తెల్లవాళ్లకి ఒక వింత లోకాన్ని తిప్పి చూపించిందని. నాకు ఆ విమర్శలో సగం నచ్చుతుంది. రెండో సగం దగ్గర ఆగిపోతాను. ఎందుకంటే ఆ సినిమా లేకపోతే డోరియన్ కోరీ అద్దం ముందు కూర్చుని, తాపీగా రంగు పూసుకుంటూ, జీవితం గురించి చెప్పిన మాటలు మనకి దక్కేవి కావు. కెమెరా తన ముందుకి ఎందుకొచ్చిందో ఆమెకి బాగా తెలుసు. ఆ ముఖం చూస్తే అర్థమవుతుంది.

అందులోనే వీనస్ ఎక్స్‌ట్రావగాంజా ఉంది. చిన్నదిగా, పలచగా, పెద్ద పెద్ద కలలు చెబుతూ మంచం మీద వాలి కూర్చుంటుంది. 1988 డిసెంబరులో, చిత్రీకరణ ఇంకా పూర్తికాకముందే, ఆమెని ఒక హోటల్లో గొంతు నులిమి చంపేశారు. చంపినవాళ్లెవరో తేలలేదు. పోలీసులు ఫొటో తీసుకొస్తే గుర్తుపట్టింది హౌస్ మదర్ ఆంజీ.

మడోన్నా సంగతి అందరికీ తెలుసు కనక క్లుప్తంగా చెబుతాను. 1990లో వోగ్ పాట ప్రపంచమంతా మోగింది. ఎక్స్‌ట్రావగాంజా హౌస్‌కి చెందిన హొసే, లూయిస్ ఇద్దరినీ ఆమె తన బృందంలోకి తీసుకుంది, అంతవరకు మెచ్చుకోవాలి. ఆ రెండేళ్లూ ఊరూరా వోగింగ్ తరగతులు. తర్వాత ఫ్యాషన్ మారింది, లోకం ఇంకో దాని మీదికి పోయింది. బాల్‌లు మాత్రం ఎప్పటిలాగే తెల్లవారుజామున జరుగుతూనే ఉన్నాయి. అట్లాంటా, డెట్రాయిట్, చికాగోల్లో హౌస్‌లు పెరిగాయి.

2018లో పోజ్ అనే టెలివిజన్ సీరియల్ వచ్చాక లెక్క కొంత మారింది. బాల్‌రూమ్‌లో ఏళ్లు గడిపినవాళ్లని సలహాదారులుగా, న్యాయనిర్ణేతల పాత్రల్లో పెట్టుకున్నారు. ప్రధాన పాత్రలు ట్రాన్స్ మహిళలే వేశారు. హౌస్ మదర్‌గా వేసిన మైకేలా జే రోడ్రిగెజ్‌కి 2022లో గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. ట్రాన్స్ నటికి ఆ బహుమతి రావడం అదే మొదలు. విచిత్రమేమంటే, ఆ బహుమతులిచ్చే సంస్థ సభ్యత్వంలో నల్లజాతివాళ్లు ఒక్కరైనా లేరన్న గొడవ వల్ల ఆ ఏడు వేడుకని టీవీలో చూపించనేలేదు. మార్కులు వేసేదెవరన్న ప్రశ్న అక్కడా తప్పలేదు. అదే ఏడాది గాయని బియాన్సే రెనైసాన్స్ ఆల్బమ్‌లో బాల్‌రూమ్ గొంతులు వినిపించాయి.

ఆ పాటలకి నాట్యం చేసినందుకే ఒక ప్రాణం పోయింది. 2023 జూలై 29 రాత్రి, బ్రూక్లిన్‌లో ఒక పెట్రోలు బంకు. సముద్రతీరం నుంచి తిరిగొస్తున్న స్నేహితులు కారులో పెట్రోలు పోయించుకుంటూ, పాట పెట్టుకుని వోగ్ చేస్తున్నారు. వాళ్లలో ఒకతను నల్లజాతి వృత్తి నర్తకుడు, 28 ఏళ్లవాడు. కొందరు కుర్రాళ్లు వచ్చి ఆపమన్నారు, మాటా మాటా పెరిగింది, వాళ్లలో ఒకడు అతన్ని కత్తితో పొడిచాడు. వారం తిరక్కుండా వందలమంది అదే బంకుకి వచ్చి, పంపుల మధ్య, అదే పాటకి వోగ్ చేశారు. ప్రతిఘటన అన్న మాటకి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇది. ఇకమీద బాల్‌రూమ్ ఏదో వినోదమేలే అని ఎవరన్నా అంటే ఆ బంకు గుర్తుచెయ్యండి.

నేను చెప్పిన సినిమాల్లో ద క్వీన్, పారిస్ ఈజ్ బర్నింగ్ రెండూ 2019లో బాగుచేసి మళ్లీ విడుదల చేశారు. చూడాలనుకుంటే ద క్వీన్ ముందు చూడండి. అందులో క్రిస్టల్ వేదిక దిగే చోట ఒకసారి ఆపి, వెనక్కి తిప్పి, ఈసారి ఆమెని వదిలేసి న్యాయనిర్ణేతల ముఖాలు చూడండి. తర్వాత పారిస్ ఈజ్ బర్నింగ్‌లో అట్టలు ఎత్తేవాళ్ల ముఖాలు చూడండి. టంగ్స్ అన్‌టైడ్ మాత్రం ఒంటరిగా, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. అది కళ్లకన్నా చెవులకి ఎక్కువ పని చెబుతుంది.